పాచికలు, బుల్లి బొమ్మలు, ఊహాలోకం: బిడ్డల ఆటను పరీక్షించేదెలా?

పఠనములు: 1 థెస్స 5:21-22, లూకా 12:15-21



బిడ్డలను అమెరికా, ఇంగ్లండు దేశాలకు చదువులకు పంపిన మన కుటుంబాలకు, హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల్లో ఉద్యోగాలు చేసే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక ఆట పేరు అప్పుడప్పుడూ చెవిన పడుతూ ఉంటుంది. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే ధారావాహికను చూసిన యువతకు ఇది బాగా పరిచయమే. సెలవులకు ఇంటికి వచ్చిన కుర్రవాని సంచిలో ఒక లావుపాటి పుస్తకం, దాని అట్టమీద కొమ్ముల రాక్షసుడు, లోపల మంత్రాల పట్టిక, ఒక చిన్న గుడ్డసంచిలో వింత ఆకారాల పాచికలు, కత్తులు పట్టిన బుల్లి బొమ్మలు కనబడితే ఏ తల్లి గుండె అయినా ఝల్లుమంటుంది. ‘ఇది సైతాను ఆటా? జూదమా? మా అబ్బాయి చేత దీనిని మాన్పించాలా?’ అని ఆమె విచారణ గురువులను అడగడం సహజమే.

అన్నింటినీ పరీక్షించి మేలైన దానిని నిలుపుకోవాలని పునీత పౌలు థెస్సలోనిక క్రైస్తవులకు బోధించారు. పరీక్షించకుండా చేపట్టడమూ, పరీక్షించకుండా పారవేయడమూ రెండూ ఆ బోధకు విరుద్ధమే. కనుక ఈ వారం మనం ఈ ఆటను కొంచెం దగ్గరగా చూద్దాం.

1. అసలు ఆట ఏమిటి?

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు కథ నడిపే వ్యక్తి. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు: ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ, ఒకరు గాయాలు మాన్పే మతగురువు. వేషధారణ, రంగస్థలం ఉండవు. అంతా మాటలతోనే. ‘మీ ముందు పాడుబడిన కోట ఉంది, తలుపు మూసి ఉంది, ఏం చేస్తారు?’ అని కథకుడు అడుగుతాడు. ‘నేను తలుపు పగలగొడతాను’ అంటాడు యోధుడు. పగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. ఇరవై ముఖాల పాచికలో 15 లేదా అంతకు మించి పడితేనే పగులుతుందనుకోండి, ఇరవైలో ఆరు అవకాశాలు, అంటే నూటికి ముప్పై. గెలిచినవాడు, ఓడినవాడు అంటూ ఎవరూ ఉండరు. ఒక కథ వారానికొక సాయంత్రం చొప్పున నెలల తరబడి సాగవచ్చు.

ఈ ఆటకు పూర్వీకులున్నారు. మన దేశపు చతురంగం నుండే చదరంగం ప్రపంచమంతా పాకింది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ పటాలమీద, పాచికలతో యుద్ధవిద్య నేర్పే ఆటను ప్రకటించాడు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ పిల్లల సీసపు సిపాయిలతో ఆడే యుద్ధానికి నియమాలు వ్రాసి పుస్తకంగా వేశాడు. ఆ దారిలోనే అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు, సైన్యాలకు బదులు ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క పాత్రనిచ్చి, 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా నుండి ఈ ఆటను విడుదల చేశారు. మొదట అచ్చయినవి వెయ్యి ప్రతులే.

ఈ ఆటలోని మరుగుజ్జులు, ఎల్ఫ్‌లు, పొట్టి మనుషుల వెనుక జె.ఆర్.ఆర్. టోల్కీన్ కథల ప్రభావం కనబడుతుంది. ఆయన గాఢమైన కతోలిక విశ్వాసి. పన్నెండేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకొన్న ఆయనను సంరక్షకునిగా ఉండి పెంచినది బర్మింగ్‌హామ్ ఒరేటరీకి చెందిన ఫ్రాన్సిస్ మోర్గన్ అనే గురువు. టోల్కీన్ పెద్ద కుమారుడు కూడా గురువయ్యాడు. 1974 నాటి ఆట నియమాల్లో పాత్రలు కొనుక్కోదగిన వస్తువుల పట్టిక ఉంది. అందులో కొయ్య సిలువ, వెండి సిలువ, పవిత్ర జలం కూడా ఉన్నాయి. ఇంతమాత్రాన ఇది భక్తి ఆట కాదు. అయితే సైతాను కోసం తయారైన ఆట అనడం కూడా సత్యం కాదు.

2. భయం ఎక్కడ పుట్టింది?

1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 16 ఏళ్ల విద్యార్థి ఒకడు కనబడకుండా పోయాడు. అసాధారణమైన తెలివిగలవాడు, తనకంటె పెద్దవారి మధ్య చదువుకొంటున్నవాడు. అతడు ఈ ఆట ఆడేవాడని తెలిసింది. ఆట పిచ్చిలో విశ్వవిద్యాలయం అడుగునున్న ఆవిరి గొట్టాల సొరంగాల్లో తప్పిపోయి ఉంటాడని పత్రికలు వ్రాశాయి. కొన్ని వారాల తరువాత అతడు సజీవంగా దొరికాడు. కాని మరుసటి సంవత్సరం తన ప్రాణం తానే తీసుకొన్నాడు. కుటుంబం నియమించిన పరిశోధకుడు 1984లో వ్రాసిన పుస్తకంలో అసలు సంగతి బయటపెట్టాడు: అతడు వెళ్లిపోవడానికి ఆట కారణం కాదు. ఒంటరితనం, కుంగుబాటు, చదువు ఒత్తిడి అతనిని నలిపివేశాయి.

ఈలోగా నిప్పు అంటుకొంది. 1981లో ఈ సంఘటనను తలపించే నవల, 1982లో దాని చలనచిత్రం వచ్చాయి. కొడుకును ఆత్మహత్యలో పోగొట్టుకొన్న మరొక తల్లి 1983లో ఈ ఆటకు వ్యతిరేకంగా ఉద్యమం ప్రారంభించింది. ఆ తల్లి దుఃఖం నిజం. దానిని ఎవరూ తేలిక చేయరాదు. అయితే ఆటయే ఆత్మహత్యలకు కారణమని తరువాతి పరిశీలనల్లో రుజువు కాలేదు. తల్లిదండ్రుల ఆందోళన చూసి ప్రకాశకులు 1989 నాటి కొత్త ముద్రణలో దయ్యాలు, పిశాచాలు అనే పేర్లను తొలగించి వేరే పేర్లు పెట్టారు.

తల్లిదండ్రులారా, ఈ చరిత్రలో మనకొక పాఠం ఉంది. ఊరంతా ఆ కుర్రవాని చేతిలోని పాచికల వైపు చూసింది. అతని ముఖం వైపు చూసినవారు తక్కువ. మీ బిడ్డ నిద్ర మానుకొన్నా, అన్నం మానుకొన్నా, ఎవరితోనూ మాటలాడకపోయినా, బ్రతకాలని లేదన్నట్లు ఒక్క మాట అన్నా, ముందుగా ఆ బిడ్డను దగ్గరకు తీసుకోండి, వైద్యునికి చూపించండి. పుస్తకాన్ని పొయ్యిలో పారవేసినంత మాత్రాన ఆ గాయం మానదు.

3. మంత్రాల సంగతి

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం సోదె, జాతకం, మంత్రతంత్రాలన్నింటినీ విడనాడవలసినవిగా బోధిస్తోంది (2116, 2117). భవిష్యత్తును దేవుని చేతినుండి లాక్కోవాలనుకోవడం, కంటికి కనబడని శక్తులను లొంగదీసుకొని పొరుగువానిపై ప్రయోగించాలనుకోవడం దైవభక్తికి విరుద్ధం.

ఆటలో జరిగేది ఇదేనా? మాంత్రికుని పాత్ర ధరించినవాడు ‘నిప్పుబంతి విసిరాను’ అంటాడు. పాచికలు వేసి దెబ్బల లెక్క కూడతాడు. అక్కడ ఎవరూ ఎవరినీ ఆవాహన చేయడం లేదు. పవిత్ర వారంలో మన విచారణల్లో క్రీస్తు పాటుల నాటకం ఆడతారు. యూదా వేషం వేసిన కుర్రవాడు ముప్పై వెండినాణెములు లెక్కపెట్టుకొంటాడు. అతనిని ద్రోహి అని ఎవరం అనము. పైగా ద్రోహం ఎంత హేయమో అతని నటన వలన మనకు తెలుస్తుంది. పాత్ర వేరు, పాత్రధారి వేరు.

అయితే ఒక గీత ఉంది. ఆట ముగిశాక కూడా బిడ్డ నిజమైన క్షుద్రవిద్యల పుస్తకాలు వెదుకుతున్నా, ఆత్మలను పిలిచే పలకల జోలికి పోయినా అది ఆట కాదు, సత్యోపదేశం నిషేధించినదే. అప్పుడు స్పష్టంగా వద్దనండి. అదే సత్యోపదేశం తాయెత్తులు ధరించడాన్ని కూడా ఖండిస్తోందని మరువకండి. కొడుకు ఆటపుస్తకంలోని మంత్రానికి హడలిపోయి, దిష్టి తాయెత్తు కట్టించడానికి పరుగెత్తే ఇంట్లో అసలు మూఢత్వం ఎక్కడుందో ఆలోచించండి.

పాచికలంటే జూదమనే భయం కూడా మనకుంది. ఈ ఆటలో పందెం లేదు. సిలువ పాదాల చెంత సిపాయిలు ప్రభువు అంగీ కొరకు చీట్లు వేశారు. అపోస్తలులు ప్రార్థించి చీట్లు వేసి మత్తీయను ఎన్నుకొన్నారు. చీటి ఒకటే, చేసిన హృదయాలు వేరు.

4. పునీత తోమాసు అక్వినాసువారి కొలబద్ద

ఆటను గూర్చి శ్రీసభలో చక్కని బోధ ఉంది. శరీరానికి విశ్రాంతి వలె మనసుకు ఆట అవసరమని తోమాసువారు తమ ‘సుమ్మా తెయొలోజియే’ గ్రంథంలో బోధించారు. అక్కడ ఆయన పూర్వపు మఠవాసుల నుండి వచ్చిన ఒక కథ చెబుతారు. పునీత యోహాను శిష్యులతో ఆడుకోవడం చూసి కొందరు ముఖం చిట్లించారట. వారిలో ఒకని చేత విల్లు ఉంది. బాణం వేయమని, మళ్లీ వేయమని చెప్పి, ఇలా ఎడతెగక వేస్తూ ఉండగలవా అని యోహాను అడిగారు. అలా చేస్తే విల్లు విరుగుతుందన్నాడతడు. సడలింపు లేని మనసు కూడా అంతేనని అపోస్తలుడు నేర్పించారు. ఆట బొత్తిగా తెలియక, ఇతరుల సరదాను కూడా చెడగొట్టేవాడు సైతం తప్పు చేస్తున్నాడని తోమాసువారి మాట.

అయితే ఆయన మూడు హెచ్చరికలు చేశారు. వాటిని ఈ ఆటకు అన్వయించుకొందాం.

మొదటిది, ఆటలో అసభ్యమైన, హానికరమైన మాటలు, చేతలు ఉండరాదు. ఈ కోవకు చెందిన ఆటలన్నీ ఒకటి కావు. 1991లో వచ్చిన ‘వాంపైర్: ద మాస్కరేడ్’లో ఆటగాళ్లే రక్తం త్రాగే పాత్రలు ధరిస్తారు. అది పెద్దల కొరకు వ్రాసినది, పిల్లలకు తగదు. ఒకే ఆట కూడా ఒక బల్ల దగ్గర ధైర్యాన్ని, మరొక బల్ల దగ్గర క్రూరత్వాన్ని నేర్పవచ్చు. కథ నడిపేవాడెవరో తెలుసుకోండి.

రెండవది, మనసు నిలకడ తప్పరాదు. పాత్ర చనిపోతే ఒక గంట బాధపడటం మామూలే, వారం రోజులు ఇంట్లోవారిమీద అరవడం మామూలు కాదు.

మూడవది, ఆట వ్యక్తికి, కాలానికి, స్థలానికి తగి ఉండాలి. ఒక కూర్పు తేలికగా మూడు నాలుగు గంటలు పడుతుంది. శనివారం రాత్రి రెండు దాటేదాకా ఆడి ఆదివారం దివ్యబలిపూజ తప్పితే, ఆట తన స్థలం దాటిందన్నమాట.

5. బుల్లి బొమ్మలు, పెద్ద బీరువా

ఆటలో వాడే బొమ్మలు సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కాస్త మించి. గళ్ల బల్లమీద ఒక అంగుళం గడి ఐదు అడుగులకు సమానం. 1975లో లండన్‌లో ప్రారంభమైన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో ‘వార్‌హామర్’ అనే ఆటను తెచ్చిన తరువాత ఈ బొమ్మలను కొని, సన్నని కుంచెతో రంగులు వేయడమే కొందరికి ప్రత్యేక వ్యాసంగమైంది.

ఇందులో మంచి ఉంది. కనుపాప మీద చుక్క పెట్టడానికి ఊపిరి బిగబట్టే కుర్రవాడు ఓర్పు నేర్చుకొంటున్నాడు. 1223లో పునీత అస్సీసి ఫ్రాన్సిసు గ్రెచ్చో గ్రామంలో పశువుల తొట్టిని, నిజమైన ఎద్దును, గాడిదను నిలిపి క్రీస్తు జననాన్ని కళ్లకు కట్టించిన నాటి నుండి, చిన్న రూపంలో పెద్ద సత్యాన్ని చూడటం మనకు అలవాటే. మన కొండపల్లి పనివారు తెల్ల పొణికి కొయ్యతో చేసేదీ ఈ కోవ కళే. ఆ కుర్రవానికి క్రిస్మసు పశువుల పాక బొమ్మలకు రంగులు వేసే పని అప్పగించండి. రెక్క విరిగిన దేవదూత మళ్లీ కొత్తదవుతుంది.

ఇందులో ఆపద కూడా ఉంది. కొని, రంగు వేయక, పెట్టెల్లో పేరుకుపోయిన బొమ్మలను ఈ వ్యాసంగంవారే నవ్వుతూ ‘సిగ్గుల గుట్ట’ అంటారు. పంట ఎక్కువై కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకొన్న ధనవంతుని ఉపమానం గుర్తుకు రావడం లేదా? ఉన్నవాటికి రంగు వేశాకే కొత్తవి కొనాలన్న నియమం చాలు, లోభం అదుపులో ఉంటుంది. ఒక ఆరోగ్య హెచ్చరిక: పాత లోహపు బొమ్మల్లో సీసం కలిసి ఉండేది. వాటిని ముట్టుకొన్నాక చేతులు కడుక్కోవాలి, చిన్నపిల్లలకు అందనీయరాదు, కుంచె మొనను నోటితో తడపరాదు.

6. మీరు చేయవలసినది

ఒక సాయంత్రం ఆ బల్ల దగ్గర కూర్చోండి. ‘నీ పాత్ర పేరేమిటి నాన్నా? వాడు ఎవరిని కాపాడాడు?’ అని అడగండి. నాలుగు ముఖాలు ఒకదాన్నొకటి చూసుకొంటూ, సెల్‌ఫోను ప్రక్కన పెట్టి, కలిసి కథ అల్లుకొనే చోటు ఈ రోజుల్లో అరుదు. అక్కడ స్నేహం కనబడితే దేవునికి కృతజ్ఞతలు చెప్పండి. లోటు కనబడితే ఆ లోటునే పేరుపెట్టి చెప్పండి. మొత్తం ఆటను తిట్టకండి. తిట్టిన ఇంట్లో బిడ్డ ఆట మానడు, చెప్పడం మాత్రం మానేస్తాడు. చెప్పడం మానేసిన రోజున బిడ్డ కష్టం మనకు తెలిసే దారి మూసుకుపోతుంది.

కుటుంబంలో చర్చకు ప్రశ్నలు

1. మన ఇంట్లో ప్రతి ఒక్కరి ఆట, వినోదం ఏమిటి? తోమాసువారి మూడు హెచ్చరికల్లో దేనిని మనం మీరుతున్నాము? పెద్దలు టీవీ, సెల్‌ఫోను విషయంలో ముందుగా జవాబు చెప్పాలి.

2. పరీక్షించకుండానే మనం ఖండించినది ఏదైనా ఉందా? పరీక్షించకుండానే ఇంట్లోకి రానిచ్చినది ఏదైనా ఉందా?

3. మన బిడ్డల్లో ఒంటరిగా ఉన్నది ఎవరు? ఈ వారం వారితో ఒక గంట ఎవరు గడుపుతారు?

ఈ వారపు కుటుంబ ప్రార్థనలో జపమాల ఒక దశకాన్ని, దూరాన ఉన్న బిడ్డల కొరకు, మనసు కుంగి ఎవరికీ చెప్పుకోలేని యువత కొరకు అర్పించండి.