31వ స్థానం, 13 వాట్లు

మే నెలలో జ్విఫ్ట్‌లో నా మొదటి రేసు. 14వ స్థానం వచ్చింది. రెండు నెలలు వారానికి నాలుగు రోజులు చెమటోడ్చి తొక్కాక, జూలైలో అదే రూటు మీద 31వ స్థానం!

సైకిలు మా పెదనాన్నగారి అబ్బాయిది. ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్‌లో వాళ్లింట్లో ఉన్నాను. హాస్టల్ మూడో అంతస్తు ఎక్కితేనే రొప్పు వస్తోందని మొదలెట్టిన పని ఇది. "ఇంక నా వల్ల కాదన్నయ్యా" అనేశాను. తను ఫోన్ నుంచి తలెత్తకుండానే, "ర్యాంకు చూశావు సరే, వాట్లు చూశావట్రా?" అన్నాడు.

ఇది తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. సైకిలు వెనక చక్రం తీసేసి స్మార్ట్ ట్రైనర్‌కి తగిలిస్తారు. టార్క్‌ని తిరిగే వేగంతో గుణిస్తే పవర్, ఫస్టియర్‌లో చదివిందే. ఆ అంకె స్క్రీన్ మీద మన బొమ్మని నడిపిస్తుంది. అక్కడ ఎత్తు వస్తే ఇక్కడ పెడల్ బరువెక్కుతుంది.

ర్యాంకు మన ఒక్కళ్ల చేతిలో ఉండదు. ఆ రోజు ఎవరెవరు వచ్చారు, మొదటి నిమిషంలో గుంపుని అందుకున్నామా లేదా, ఎవరి వెనక దాక్కుని గాలి తప్పించుకున్నాం (అవును, అక్కడా గాలి ఉంటుంది!), అన్నీ అందులో కలిసిపోతాయి. ఇప్పుడు చాలా రేసుల్లో వాడే 0 నుంచి 1000 వరకు ఉండే రేసింగ్ స్కోరుకీ పక్కవాళ్లతో పోలిక తప్పదు.

వాట్లకి ఆ గొడవ లేదు. సుమారు గంటసేపు నిలబెట్టుకోగల పవర్‌ని ఎఫ్‌టీపీ అంటారు. గంట తొక్కే ఓపిక ఎవరికుంది? అందుకే 20 నిమిషాల సగటుని 0.95తో గుణించి అంచనా వేస్తారు. ఒంటరిగా ఆ టెస్టు చేస్తే పన్నెండో నిమిషానికే నా మనసు కాఫీ మీదికి పోతుంది. రేసులో అలా కాదు, ముందువాడి చక్రం మనల్ని లాగుతుంది. రేసు వల్ల నాకు దక్కిన లాభం అదే. కాకపోతే చదును దారిలో గుంపు వెనక కాస్త విశ్రాంతి దొరుకుతుంది కాబట్టి ఆ సగటుని నమ్మలేం. మా రూటు చివర్లో పొడుగాటి ఎత్తు ఉంది. అక్కడ వేగం తక్కువ కాబట్టి దాక్కుంటే దక్కేదీ తక్కువే. నేను ఆ ఎత్తు మీది 20 నిమిషాలే తీసుకున్నాను.

మేలో 138 వాట్లు. జూలైలో 151.

తేడా 13. ట్రైనర్ పొరపాటు 2 శాతం అనుకున్నా, 150 దగ్గర అది 3 వాట్లు. 13 అంతకన్నా బాగా ఎక్కువ. అదే 3 వాట్లు పెరిగి ఉంటే పండగ చేసుకోవడానికేం లేదు, అది మీటరు చలవ కావచ్చు.

ఇక్కడే బుద్ధి గడ్డి తింది. ఎత్తు మీద మన బొమ్మ వేగం కేజీకి ఎన్ని వాట్లన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ బరువు మనం టైపు చేసేదే. ఒక రాత్రి నా 62 కేజీలని 57 చేశాను. కాళ్లు తొక్కింది అదే 150 వాట్లు. కేజీకి 2.4 కాస్తా 2.6 అయింది, నాకు 6వ స్థానం వచ్చింది. వదిన సంబరపడి పాయసం చేసింది. తినలేక తిన్నాను. పొద్దున్నే అంకె సరిచేసి అన్నయ్యకి చెప్పేశాను. తను కోప్పడలేదు, అదే ఎక్కువ బాధేసింది.

పెద్దవాళ్లూ ఇలా దొరికారు. 2019లో బ్రిటిష్ ఈ-రేసింగ్ టైటిల్ గెలిచిన కామెరాన్ జెఫర్స్, ఆటలోని ఒక మంచి సైకిలుని తను తొక్కకుండా సాఫ్ట్‌వేర్‌తో తొక్కించి సంపాదించాడని తేలింది. టైటిల్ పోయింది, ఆరు నెలల నిషేధం, 250 పౌండ్ల జరిమానా. జే వైన్ కథ దీనికి పూర్తిగా రివర్స్. 2020లో జ్విఫ్ట్ అకాడమీ గెలిచి ప్రొఫెషనల్ టీమ్‌లో చేరాడు, 2022లో స్పెయిన్ వుయెల్టాలో రెండు స్టేజిలు గెలిచాడు. అతని వాట్లు నిజమైన కొండల మీదా పనిచేశాయి మరి.

సరే, నా 13 వాట్లు పూర్తిగా నావేనా? మే నెల హైదరాబాద్ ఎండ, జూలై వాన. గది వేడెక్కితే శరీరం చల్లబడటానికి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, అంతే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అంటే నా లెక్కలో వాతావరణం వాటా కూడా ఉందన్నమాట. ఇది తట్టాక జూలై నుంచి రెండు వారాలకోసారి ఏసీ 26లో పెట్టి, అదే ఫ్యాను, అదే సాయంత్రం ఏడింటికి, 20 నిమిషాలు కదలకుండా 120 వాట్లు తొక్కుతున్నాను. జూలైలో హార్ట్ రేట్ సగటు 157. ఆగస్టు చివరికి 149.

మేలో ఏసీ వేసి తొక్కిన రికార్డు లేదు కాబట్టి ఆ 13లో ఎండ ఎంత, కాళ్లు ఎంత అన్నది ఇక తేలదు. ఆగస్టు రేసులో, 62 కేజీలతోనే, 28వ స్థానం వచ్చింది.