జనసంఖ్యానిర్ణయమున ప్రత్యక్షానుమానములు

రాజ్యము తన ప్రజల సంఖ్యను మూడు విధములుగ చెప్పుచుండును. ఇంటింటికి పోయి లెక్కించి చెప్పునది గణనము. లెక్క జరుగని సంవత్సరమునకు ఇతరాధారములచే నిర్ణయించి చెప్పునది అంచనా. రానున్న కాలమునకు ముందుగ చెప్పునది ప్రక్షేపము. ఈ మూడును లోకమున ‘జనాభా’ అను ఒకే పేరుతో వ్యవహరింపబడుటచే మూడింటికిని ప్రామాణ్యము సమానమను భ్రాంతి కలుగుచున్నది. న్యాయశాస్త్రపరిభాషతో పరిశీలించినచో వీని తారతమ్యము స్పష్టపడును.

మొదట గణనమును విచారింపవలెను. కౌటిలీయార్థశాస్త్రమున ద్వితీయాధికరణము, 35వ అధ్యాయము సమాహర్తృప్రచారమును చెప్పుచున్నది. ఐదు గాని పది గాని గ్రామములకు ఒక గోపుడు. అతడు ప్రతిగృహమునందలి స్త్రీపురుషులను, బాలవృద్ధులను, వారి వృత్తులను, ఆయవ్యయములను ఎరిగియుండవలెను. ఇంతటితో శాస్త్రకారుడు తృప్తిపడలేదు. గృహపతివేషధారులైన చారులు అవే గ్రామములను వేరుగ విచారించి ఆ లెక్కను సరిచూడవలెననియు, ఊరు విడిచినవారి, క్రొత్తగ వచ్చినవారి కారణములను తెలిసికొనవలెననియు విధించినాడు. ఇది శాస్త్రవిధియే గాని జరిగిన గణనమునకు సాక్ష్యము కాదు. అయినను లెక్కించినవాని లెక్కను మరల పరీక్షింపవలెనను వివేకము ఇందు స్పష్టముగ కలదు.

ఆధునికకాలమున భారతదేశమందు 1872లో తొలి జనగణనము జరిగినది. దేశమంతట ఏకకాలమున జరిగిన గణనము 1881తో ఆరంభమైనది. 2011 గణనమునకు మార్చి 1వ తేదీ ప్రవేశించిన అర్ధరాత్రి నిర్ణీతక్షణము. ఫిబ్రవరిలో లెక్కించిన గణకులు మార్చి మొదటి దినములలో మరల ఇండ్లకు పోయి, నడుమ కలిగిన జననమరణములను సవరించిరి. అట్లు తేలిన సంఖ్య 121 కోట్ల 8 లక్షలు. తదుపరి జరిగిన పరీక్షలో వేయిమందికి సుమారు 23 మంది లెక్కకు తప్పినట్లు తెలిసినది. గృహపతివ్యంజనులు చేయవలసిన పనియే ఇది.

ఈ గణనము కూడ సర్వాంశముల ప్రత్యక్షము కాదు. వయస్సు, మాతృభాష మున్నగునవి గృహస్థుడు చెప్పినట్లు వ్రాయబడును గనుక అది శబ్దాశ్రితము. సంస్కృతము మాతృభాషగా చెప్పినవారు 1991లో 49,736, 2001లో 14,135, 2011లో 24,821. పది సంవత్సరములలో ఒక భాషాసమాజము ఇట్లు తరిగి పెరుగుట సంభవము కాదు. మారినది ప్రధానముగ సమాధానమే.

ఇక అనుమానము. గౌతముడు దానిని పూర్వవత్తు, శేషవత్తు, సామాన్యతోదృష్టము అని మూడుగ విభజించినాడు. జనసంఖ్యావేత్తలు మూడింటిని వాడుచున్నారు. గణనమున కనబడిన ఐదేండ్లలోపు శిశువుల సంఖ్యనుండి, మధ్యలో మరణించినవారిని కలుపుకొని, గడచిన ఐదేండ్ల జననములను ఊహింతురు. నిండిన ఏటిని చూచి ఎగువ వర్షమును ఊహించినట్లు ఇది శేషవత్తు. మరణముల నమోదు కొరవడిన దేశములకు అన్యదేశములలో కనబడిన మరణక్రమముల నమూనా పట్టికలను అన్వయింతురు. ఇది సామాన్యతోదృష్టమునకు సమీపము.

ప్రక్షేపము పూర్వవత్తు. దాని సూత్రము సులభము: మూలసంఖ్యకు జననములను, లోనికి వచ్చినవారిని కలిపి, మరణములను, వెలికి పోయినవారిని తీసివేయుట. దీనిని వయోవర్గములవారీగ చేయుదురు. 2011లో 20–24 ఏండ్లవారిలో జీవించియున్నవారు 2016లో 25–29 ఏండ్లవారగుదురు. కావున ఇప్పటికే పుట్టినవారి విషయమున ఊహ అల్పము; పుట్టబోవువారి విషయమున అధికము. జననమరణముల రేట్లకు 1969–70 నాటికి దేశమంతట నెలకొన్న నమూనా నమోదు పద్ధతి ఆధారము. ఈ రీతిని కేంద్రప్రభుత్వపు నిపుణసంఘము 2036 నాటికి సుమారు 152 కోట్లని చెప్పినది.

ఇచట ఒక పూర్వపక్షము: అనుమానమే ఇంత సమర్థమైనచో కోట్ల ధనము వెచ్చించి గణనమేల? సమాధానము: అనుమానము ప్రత్యక్షపూర్వకమని సూత్రకారుని మతము. వెనుకటి నిపుణసంఘము 2001 గణనము ఆధారముగ 2011నకు 119 కోట్ల 25 లక్షలని 2006లో చెప్పినది. వాస్తవగణనమున సుమారు 1 కోటి 83 లక్షలు అధికముగ తేలినవి. ఈ దోషమును చూపినది మరియొక అనుమానము కాదు, గణనమే. అది లేనిచో అనుమానము సరియో కాదో తెలియు మార్గమే లేదు. పైగా దేశమొత్తమున అల్పమైన దోషము జిల్లాలో, గ్రామములో హెచ్చగును. వలసలు అచటనే ఎక్కువ.

2021లో జరుగవలసిన గణనము కోవిడ్ వ్యాధిచే వాయిదాపడినది. 2025 జూన్ 16న వెలువడిన ప్రకటన హిమావృతప్రాంతములకు తప్ప 2027 మార్చి 1ని నిర్ణీతదినముగ చెప్పినది. అనగా రెండు ప్రత్యక్షముల నడుమ పదునారేండ్ల ఎడము. ఇది పండితచర్చ మాత్రము కాదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము గ్రామములలో 75, పట్టణములలో 50 శాతమువరకు జనులకు ధాన్యమీయ విధించి, ఆ సంఖ్యను ప్రకటితమైన జనగణనముననుసరించి నిర్ణయింపుమన్నది. కావున 2011 లెక్కపై నిలిచిన సుమారు 81 కోట్ల 35 లక్షల పరిమితి జనులు పెరిగినను పెరుగలేదు. పరిమితి నిండిన రాష్ట్రమున క్రొత్తగ అర్హమైన కుటుంబము మరియొకరి పేరు తొలగువరకు వేచియుండవలెను. ప్రక్షేపము వారిని ఎరుగును, చట్టము ఎరుగదు.

కావున జనసంఖ్యను ఉదాహరించు అధ్యాపకుడు, పరిశోధకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది గణనమా, అంచనాయా, ప్రక్షేపమా? దీనికి మూలమైన గణనము ఏ సంవత్సరమునది? నాటినుండి జననమరణవలసల విషయమున ఏమి ఊహింపబడినది? ఈ మూడింటిని చెప్పక సంఖ్యను మాత్రము చెప్పుట హేతువును చెప్పక సాధ్యమును చెప్పుట వంటిది.