నాటకవిద్య నెచ్చట నేర్వవలెను?

ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన వారములో సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ మండలమున ఏ యింట చూచినను చర్చ యొకటే: ఇంజనీరింగా, ఫార్మసీయా, డిగ్రీయా యని. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో 12,635 ఎకరముల మేర ‘నిమ్జ్’ అను పారిశ్రామిక వాడ రాగలదని చెప్పబడిన నాటినుండి కన్నవారి యాశలు సహజముగనే కర్మాగారముల వైపు తిరిగినవి. అట్టి యింట పదునేడేండ్ల బిడ్డ, అందును ఆడబిడ్డ, “నాయ్నా, నేను నాటకం చదువుకుంట” ననినచో, ఆ తండ్రి మొదట నవ్వును, పిమ్మట “సిన్మాలల్లకు పోతవా బిడ్డా?” యని యడుగును, అటుపైని, నాటకమునకుఁ గూడ కాలేజీ యుండునా యని నిజముగనే సందేహించును. నవ్వునకు, సినిమా ప్రశ్నకు సమాధానము కాలమే చెప్పవలెను. సందేహమునకు మాత్రము సమాధానము వెంటనే యీయదగినది, ఈయవలసినది.

కాలేజీలు కలవు. అయితే తెలుగునాట పేరుపడిన నాటకశాఖలు ప్రధానముగా డిగ్రీ ముగించినవారి కొరకు ఏర్పడినవి. అమెరికాలో పదునేడేండ్ల విద్యార్థి బడి విడిచిన వెంటనే నాటకమున పట్టా చదువవచ్చును. పిట్స్‌బర్గులో నేడు కార్నెగీ మెలన్ అని పిలువబడు సంస్థ 1914లోనే అట్టి పట్టా నీయ నారంభించినది. అక్కడి పిల్లలు తర్కించుకొను విషయము, రోజంతయు రంగస్థలముననే గడుపు శిక్షణాలయమా, సాహిత్య చరిత్రాదులతోబాటు నాటకమును నేర్పు కళాశాలయా యని. మన బిడ్డకు ఆ రెండును ఒక్కచోట దొరకవు; మొదటి మూడేండ్లు ఒకటి, తరువాతి రెండు మూడేండ్లు మరియొకటి యని కాలమును పంచుకొని తానే కూర్చుకొనవలెను. కావున ఇంటర్ ముగించిన బాలిక యిప్పుడు నిర్ణయింపవలసినది ఏ నాటకశాలలో చేరవలెనని కాదు; మూడేండ్ల తరువాత ఏ నాటకశాల యైనను తన్ను కాదనలేని విధముగ ఈ మూడేండ్లను ఎక్కడ, ఎట్లు గడుపవలెనని.

ఇంటర్ వెంటనే చేరదగిన చోట్లు దేశమున లేకపోలేదు. త్రిశూరులో కాలికట్ విశ్వవిద్యాలయము వారి స్కూల్ ఆఫ్ డ్రామా 1977లో జి. శంకర పిళ్ళై నాయకత్వమున పుట్టినది, అందు నాటకమున డిగ్రీయే కలదు. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమునను అట్టి వసతి యున్నది. కాని నాటకము మాటలతో బ్రతుకు కళ. మలయాళమో గుజరాతియో చెవికి పట్టని బిడ్డ, తోటివారు నవ్వినపుడు ఎందుకు నవ్విరో తెలియక మొదటి యేడాదిని పోగొట్టుకొనును. ధైర్యవంతులైన వారిని నేను వారింపను, కాని అదే మొదటి మార్గమని చెప్పజాలను. ఇచ్చట మరొక భ్రమను కూడ తొలగింపవలెను: హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయపు బి.ఎఫ్.ఏ. చిత్రలేఖనము, శిల్పము, ఫొటోగ్రఫీ మొదలగు వానికి సంబంధించినది; ‘ఫైన్ ఆర్ట్స్’ అను పేరు చూచి నాటక మనుకొని దరఖాస్తు పెట్టరాదు.

ఇక ఆ మూడేండ్ల మాట. డిగ్రీ ప్రవేశముల విధానమగు ‘దోస్త్’ ద్వారా సీటు కోరుకొనునపుడు సాహిత్యము గల బి.ఏ.ను కోరుకొనుట మేలు. తెలుగు సాహిత్యమైనచో మరియు మేలు, ఆంగ్లమైనచో చెడ్డది కాదు. ఏ నాటకశాఖ ప్రవేశపరీక్షలో నైనను, ఇంటర్వ్యూలో నైనను, మొదట పరీక్షింపబడునది చదువరితనమే. కన్యాశుల్కమును తొలికూర్పునకు, మలికూర్పునకు గల భేదముతో చదివినవారును, కాళిదాసును అనువాదమున నైనను రెండుసారులు చదివినవారును, ఆ గదిలో కూర్చున్న పరీక్షకులకు వెంటనే తెలియుదురు.

ఊరినిబట్టి కూడ ఆలోచింపవలెను. జహీరాబాదులోనో సంగారెడ్డిలోనో డిగ్రీ చదివినచో ఖర్చు తక్కువ, ఇల్లు దగ్గర. పట్నమున చదివినచో సాయంకాలములు దక్కును. నాటకము కోరు విద్యార్థికి సాయంకాలమే అసలు తరగతి. 1961 నుండి నిలిచియున్న రవీంద్రభారతిలో నాటకములు చూడవచ్చును. జహీరాబాదునుండి వికారాబాదు మీదుగా వచ్చు రైలు ఆగు లింగంపల్లి ప్రాంతముననే సురభివారి కుటుంబములు కాపురమున్నవి. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన ఆ సమాజపు నాటకమును ప్రేక్షకుల కుర్చీలనుండి చూచుట వేరు, అనుమతి పొంది సైడు వింగు ప్రక్కన నిలబడి చూచుట వేరు. రెండు బాణములు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొను క్షణమున జనము చప్పట్లు కొట్టుదురు; వింగు ప్రక్కనున్నవానికి మాత్రము సన్నని తీగె, దానిని బిగబట్టిన చేయి, ఆ చేతిని చూచుచు తన వంతు కొరకు వేచియున్న పసివాడు కనిపింతురు. ఒక పరదా ఎత్తునపుడు వెనుక ఎన్ని చేతులు ఒకే లెక్కకు కదలవలెనో అచ్చట ఒక రాత్రిలో తెలియును. 2013లో పద్మశ్రీ పొందిన రేకందార్ నాగేశ్వరరావు, జనము ‘బాబ్జీ’ యని పిలుచుకొన్నవారు, ఏ కళాశాలలోను నాటకము చదివినవారు కారు. ఈ వింగుల మధ్య పెరిగినవారే.

పట్టా చేతికి వచ్చిన పిమ్మట తెలంగాణ బిడ్డ యెదుట నిలుచు ద్వారములలో ముఖ్యమైనవి రెండు హైదరాబాదులోనే యున్నవి. ఒకటి 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయము. గచ్చిబౌలిలోని ఆ యావరణలో సరోజినీ నాయుడు పేరిటి విద్యాలయమున రంగస్థల కళాశాఖ రెండేండ్ల ఎం.పి.ఏ. నడుపుచున్నది. రెండవది 1985లో తెలుగు విశ్వవిద్యాలయముగ స్థాపింపబడి, పొట్టి శ్రీరాములు పేరిట చిరకాలము నడచి, 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు దాల్చిన విశ్వవిద్యాలయము. దాని రంగస్థల కళాశాఖయు ఎం.పి.ఏ. చెప్పుచున్నది. రెంటి పట్టా పేరు ఒకటే యగుటచే చాలమంది ఎందులో సీటు వచ్చిన అందులో చేరుదురు. నా యభిప్రాయమున ఇది పొరపాటు. కేంద్రీయ విశ్వవిద్యాలయమున కేరళనుండియు, ఉత్తరదేశమునుండియు వచ్చిన పిల్లలు ఒకే రిహార్సల్ గదిలో కలియుదురు. బోధన ఆంగ్లమున, దృష్టి సమకాలిక ప్రయోగములపై, దర్శకత్వముపై, రంగాలంకరణపై. అచ్చట చదివినవానికి దేశమున ఏ మూలనైనను పని అడుగు అలవాటు వచ్చును. కాని పద్యమును రాగయుక్తముగ చదువు నేర్పు దానంతట రాదు. తెలుగు విశ్వవిద్యాలయమున చదివినవారికి తెలుగు నాటక పరంపర, జానపద కళారూపములు, వాచికము, స్వభాషలోనే విశ్లేషించు శక్తి చేకూరును. కాని పొరుగు రాష్ట్రపు దర్శకుని యెదుట నోరు విప్పుటకు సొంతముగ శ్రమపడవలెను. పల్లెలలో, బడులలో తెలుగున నాటకము ఆడింపగోరు బిడ్డకు రెండవదే తగినది. అధ్యాపకత్వము, పరిశోధన, బహుభాషా రంగస్థలము కోరు బిడ్డకు మొదటిది. విశాఖలో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు నాటకమునకు కూర్మా వేణుగోపాలస్వామి రిజిస్ట్రారుగా నున్న నాళ్ళనుండి చరిత్ర కలదు. అచ్చటి శాఖను గూర్చియు విచారింపవచ్చును.

ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయము సంగతి వేరు. 1959లో సంగీత నాటక అకాడెమీ స్థాపించిన ఆ సంస్థలో చదువు మూడేండ్లు. విద్యార్థులకు నెలనెలా వేతనము నిచ్చి చదివించెదరు గనుక బీదయింటి బిడ్డ భయపడనక్కరలేదు. ఏదైన ఒక డిగ్రీ, హిందీ ఆంగ్లములలో పని గడుచునంత పరిచయము, పదునెనిమిది ముప్పది యేండ్ల నడుమ వయస్సు, వీనితోబాటు ఆరు నాటకములలో పాల్గొన్న యనుభవము వారు కోరుదురు. ఈ ఆరు నాటకముల నిబంధనయే మన పల్లె బిడ్డలను ఎక్కువగా దెబ్బతీయునది. ఆడియుందురు, కాని ఋజువుండదు. కాలేజీ వార్షికోత్సవమున ఆడిన నాటిక యైనను, నాటక పరిషత్తుల పోటీలలో వేసిన చిన్న పాత్ర యైనను, ఆ రాత్రియే కరపత్రమొకటి, ఫొటో యొకటి, నిర్వాహకుల సంతకము గల ధ్రువపత్రమొకటి సంపాదించి ఒక ఫైలులో వేయవలెను. తుది వడపోత కొన్ని దినముల వర్క్‌షాపు రూపమున ఢిల్లీలో జరుగును. అచ్చట అభినయముకంటె ఎక్కువగా, నలుగురితో కలసి పని చేయగలదా, చెప్పినది విని వెంటనే మార్చుకొనగలదా యని చూతురు.

న్యాల్‌కల్ బిడ్డకు, హైదరాబాదు బిడ్డకు లేని సౌకర్యమొకటి కలదు. ఒకవైపు జహీరాబాదు, మరియొకవైపు బీదరు; తెలుగుతోబాటు కన్నడము, ఉర్దూ, మరాఠీ చెవిని పడుచుండు సీమ యిది. ఇంటిలోనో సంతలోనో కన్నడము వచ్చిన బిడ్డ పడమటి దిక్కునకు చూడకపోవుట నాకు ఆశ్చర్యము. శివమొగ్గ జిల్లా హెగ్గోడు అను చిన్న పల్లెలో కె.వి. సుబ్బణ్ణ పెంచిన నీనాసం సంస్థ 1980 నుండి నాటక శిక్షణాలయమును నడుపుచున్నది. కోర్సు ఒక విద్యాసంవత్సరమే, డిగ్రీ నిర్బంధము కాదు, బోధన కన్నడమున. వక్కతోటల నడుమ నున్న పల్లెలో పుట్టి ప్రపంచ నాటకములనెల్ల ఆడించిన ఆ కృషికే సుబ్బణ్ణకు 1991లో మెగసెసె పురస్కారము లభించినది. మైసూరులో 1989లో బి.వి. కారంత్ నెలకొల్పిన రంగాయణమను నాటకసంస్థకు కలబురగిలోను శాఖ యున్నది. బీదరు దాటినచో అది మనకు పొరుగే. ఆ కారంతే తెలుగు సురభివారితోను నాటకములు చేయించినాడు. రెండు భాషల పొలిమేరలో పెరుగుట నటునకు లోపము కాదనుటకు బళ్ళారి రాఘవయే సాక్షి. తెలుగు, కన్నడము, ఆంగ్లము అని భేదము లేక నటించిన ఆయన జీవిక మాత్రము న్యాయవాదవృత్తి.

ఏ సంస్థను ఎంచుకొన్నను, దరఖాస్తుకు ముందు ఒకసారి స్వయముగ వెళ్ళి చూడవలెను. సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచినట్లు చూడవలెను. ప్రిన్సిపాలు గదిలోని షీల్డులు చూచి మురియరాదు. రిహార్సల్ గది నేలను చూడుడు: అరిగియున్నదా, దుమ్ము పట్టియున్నదా? లైట్ల బోర్డు ముట్టుకొనుటకు విద్యార్థులకు అనుమతి యున్నదా, లేక తాళము వేసియుంచిరా? గత సంవత్సరము ఎన్ని నాటకములు ప్రదర్శించిరి, అందు రెండవ యేటి విద్యార్థి దర్శకత్వము వహించినవి ఎన్ని? సాయంకాలము ఏడు దాటిన పిమ్మట రిహార్సల్ జరిగినచో ఆడపిల్లలు హాస్టలునకు ఎట్లు చేరుదురు? ఈ చివరి ప్రశ్నను తల్లి యడుగవలెను, తడబడక యడుగవలెను. జవాబు చెప్పుటకు విసుగుకొను చోట బిడ్డను చేర్పకుండుటయే మంచిది. స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీపాత్రలు ధరింపవలసివచ్చిన కాలములోనే సురభి కుటుంబముల స్త్రీలు తెరముందుకు వచ్చిరి. ఆడబిడ్డకు ఈ విద్య తగదను మాట నాడే చెల్లిపోయినది, భద్రతను గూర్చిన ప్రశ్న మాత్రము చెల్లలేదు. మూడు నెలలలో నటిని చేసెదమని పెద్ద ఫీజు కోరు పట్నపు దుకాణములను గూర్చి రెండు మాటలు కూడ దండుగ.

ఆడిషనులో ఏమి చేయవలెనని పిల్లలు అడుగుదురు. చాలమంది సినిమా డైలాగు అప్పగింతురు, అదియు ఆ నటుని గొంతుతోనే. పరీక్షకులు ఆ గొంతును ఆ యుదయమున అప్పటికే పలుమార్లు వినియుందురు. దానికి బదులు, చెర్విరాల భాగయ్య యక్షగానములు ఆడిన పెద్దలు మన పల్లెలలో ఇంకను ఎవరైన నున్నచో వారివద్ద కూర్చుండి ఒక దరువు, దాని యడుగులు నేర్చుకొని పోయిన బిడ్డను ఎవరును మరువరు. గొంతు సాధనకు ఝరాసంగం మండలము మాచ్‌నూరులో 2008 నుండి దళిత మహిళలు నడుపుచున్న సంఘం రేడియోను శ్రద్ధగా వినుట చాల మంచి పాఠము: ఇంటి యాసను దాచక, అయినను ప్రతి యక్షరము దూరమున నున్నవారికి అందునట్లు పలుకుట వారికి తెలియును. యాస తప్పని బడిలో మందలింపబడిన పిల్లలు నాటకశాలలో దానిని విడువనక్కరలేదు. దానితోబాటు గ్రంథభాషను కూడ పలుకగలిగిన చాలును.

జీవిక మాటకు వత్తము. తండ్రి మొదటినుండి అడుగదలచినది ఇదే. రంగస్థలమొక్కటే కుటుంబమును పోషించిన సందర్భములు తెలుగునాట తక్కువ. పరిషత్తు నాటకములాడు ప్రముఖులు పెక్కుమంది బ్యాంకులలో, బడులలో, రైల్వేలో పగలు పని చేసినవారే. అయినను మార్గములు కొన్ని స్పష్టముగ నున్నవి. ఎం.పి.ఏ. పిమ్మట యు.జి.సి. నెట్ పరీక్షలో నాటకము ఒక విషయముగ కలదు. ఉత్తీర్ణులైనవారు అధ్యాపకత్వమునకు అర్హులగుదురు. పదునెనిమిది ఇరువదియైదేండ్ల నడుమనున్న యువకళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేండ్లపాటు నెలకు 5,000 రూపాయల విద్యార్థివేతనము ఇచ్చు పథకమున నాటకమును కలదు. డిగ్రీ మొదటి యేటనే దానికి ప్రయత్నింపవచ్చును. రాష్ట్ర ప్రభుత్వపు తెలంగాణ సాంస్కృతిక సారథి కళాకారులను వేతనముపై నియమించుకొన్నది. ఆకాశవాణి నాటకములకు ఆడిషనులు, డబ్బింగు, టీవీ ధారావాహికలు, లైటింగు, మేకప్పు ఉండనే యున్నవి. వీనిలో లైటింగు నేర్చినవానికి పని వెదకుకొనుచు వచ్చుట నేను చూచినాను, ముఖ్యపాత్రధారికి అట్లు వచ్చుట అరుదుగ చూచినాను. డిగ్రీ కాగానే బి.ఎడ్. కూడ ముగించి ఆ తరువాతనే నాటకశాలలో చేరవచ్చును; రెండేండ్లు వెనుకబడుదుమను భయము వలదు, ముప్పదియవ యేడు వచ్చువరకు ఢిల్లీ తలుపు తెరచియే యుండును. ఈ లెక్కలన్నియు ఒక కాగితముమీద వ్రాసి, ఏ యేట ఎంత ఖర్చు, ఏ యేట ఏ పరీక్ష యని తేదీలతో సహా తండ్రి చేతిలో పెట్టినచో, ఆ తండ్రి మొదట నవ్విన నవ్వు ఆపి, కండ్లజోడు తెమ్మని యడుగును.