గుచ్చిన సూది ఎక్కడికి పోవాలి

పాల్వంచ

చిన్నా,

నీ ఉత్తరం అందింది. భద్రాచలంలో టాటూ షాపు పెడుతున్నావని మీ అమ్మ అంతకుముందే ఫోన్‌లో ఏడ్చింది. నేను ఏడవలేదు నాయనా. మన ఇంట్లో పచ్చబొట్టు లేని ఆడమనిషి ఎవరు? మీ నాయనమ్మ మోచేతి మీది తేలు నీకు గుర్తుండే ఉంటుంది. పోయేటప్పుడు వెంట వచ్చే నగ అదొక్కటే అనేది ఆవిడ. నా దిగులు వేరు.

నువ్వు రాసిన సామాన్ల లిస్టు మళ్లీ మళ్లీ చదివాను. మిషను, కార్ట్రిడ్జులు, ఇంకులు, స్టెన్సిల్ కాగితం, కుర్చీ, లైటు, గోడకు మెరిసే బోర్డు, అన్నీ ఉన్నాయి. గుచ్చిన సూదిని ఎక్కడ వేస్తావో మాత్రం ఒక్క ముక్క లేదు.

సర్వీసులో ఉండగా ఒక ఆస్పత్రిలో చూశాను. ఎవరో వాడిన సూదిని దూదితోపాటు చెత్తబుట్టలో పడేశారు. అది ఊడ్చే ఆయమ్మ అరచేతిలో దిగింది. రక్తపరీక్షలకు తిరుగుతూ, చంటిపిల్లకు పాలివ్వచ్చా అని ఆమె నన్ను అడిగిన తీరు ఈనాటికీ మరవలేను. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. సూదిని చూసి అది పాతదో కొత్తదో ఎవరు చెప్పగలరు?

అందుకని ముందు సూది దిగని గట్టి తెల్ల డబ్బా కొను. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు సూదులకు చెప్పిన డబ్బా అదే. కుర్చీ పక్కనే, చెయ్యి చాపితే అందేచోట పెట్టు. గుచ్చిన సూదికి మళ్లీ మూత తొడగకు, తిన్నగా అందులో వెయ్యి. ముప్పాతిక నిండగానే మూసెయ్యి. ఆ చెత్త తీసుకుపోయే బండి ఎవరిదో ఏరియా ఆసుపత్రిలో అడుగు, నెలకింతని మాట్లాడుకో. షాపు వెనక తగలబెట్టకు, కరకట్ట మీద పోయకు. 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఎవరి చెత్త ఎవరి ఇంట్లో తేలిందో నువ్వూ చూశావు కదా. వాన మొదలైతే ఆ డబ్బా అటక మీదికి ఎక్కాలి.

మాకు చిన్నప్పుడు ఈ భయాలేవీ తెలియవు. పర్ణశాల జాతరకు ఎరుకల ఆడవాళ్లు దీపం మసి, ఆకు పసరు, దారంతో కట్టిన సూదులు తెచ్చేవాళ్లు. నొప్పి తెలియకుండా పాట పాడుతూ పొడిచేవాళ్లు. వరసలో కూర్చున్న అందరికీ అవే సూదులు. మీ అమ్మ సగంలో లేచి పారిపోయింది, అందుకే ఆమె గడ్డం మీద ఒక్క చుక్కే. మా ఆడపిల్లల్లో బొమ్మలు బాగా గీసేది అదే. నీ చేతికి ఆ ఒడుపు అక్కడినుంచే వచ్చింది నాన్నా.

మిగతావి చెప్తా. మిషను మరీ ఖరీదైంది వద్దు. కరెంటు పోయినా పని ఆగకుండా బ్యాటరీది చూడు. కార్ట్రిడ్జి లోపల ఇంకు వెనక్కి పోకుండా పొర ఉండాలి, సీలు, గడువు తేదీ చూసుకో. ఒక మనిషికి ఒక సూది, ఎంత తెలిసినవాడైనా సరే. చిన్న కప్పులో పోసిన ఇంకు మిగిలితే పారబొయ్యి, సీసాలోకి తిరిగి పొయ్యకు. ఇంకులో కుళాయి నీళ్లు కలపకు. నైట్రైల్ గ్లవుజులు పెట్టెలకు పెట్టెలు కావాలి. ఆటోక్లేవు తర్వాత కొంటానన్నావు. అయితే అందాకా స్టీలు పిడి ముట్టకు, వాడి పారేసేవే తెచ్చుకో. స్టీలు వాడాలంటే ప్యాకెట్‌లో చుట్టి 121 డిగ్రీల ఆవిరిలో 30 నిమిషాలు ఉంచాల్సిందే. మరిగించినంత మాత్రాన క్రిములన్నీ చావవు.

నవమికి జనం తోసుకొస్తారు, రామనామం పొడవమంటారు. తొందరపడకు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని తిప్పి పంపెయ్యి. పొడిపించుకున్నవాళ్లకు ఏడాదిపాటు రక్తం ఇవ్వకూడదని చెప్పు.

మీ పెదనాన్నతో డబ్బు పంపుతున్నాను. బోర్డుకు వాడితే ఊరుకోను. అది డబ్బాకు, నీ హెపటైటిస్ బి టీకాకు. టీకా మూడు డోసులు: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. మొదటిది వేయించుకుని తారీఖు రాయి. అది చూశాకే షాపుకు ముహూర్తం పెట్టిస్తాను. వేళకు తిను, రాత్రిళ్లు మేలుకోకు.

నీ పెద్దమ్మ