ఊరి జనసంఖ్యయు, ఊరి బాటయు

మన సంఘ సభ్యులు తమ పొలము విస్తీర్ణమును సెంట్లతో సహా చెప్పగలరు. ఊరిలో నెందరు జనులు గలరని యడిగినచో మాత్రము తడుముకొందురు. అది సర్కారు లెక్క, మనకేల యని కొందరి తలంపు. ధాన్యము బండి వానకాలమున బజారు చేరునా, బురదలో దిగబడునా యనునది కొంతవరకా లెక్కపై నాధారపడి యున్నదని యీ పాఠమున దెలుపుచున్నాను.

1. లెక్క యనగా నేమి?

దేశమంతట నొకేసారి జరుపు జనగణన 1881లో మొదలై, 2011 వరకు పదేండ్ల కొకతూరి తప్పక జరిగినది. 2011 లెక్క ప్రకారము దేశ జనసంఖ్య సుమారు 121 కోట్లు. అందు 83 కోట్లకు పైగా గ్రామవాసులు. ప్రతి గ్రామమునకును స్త్రీ పురుషుల సంఖ్య, ఆరేండ్లలోపు బిడ్డలు, అక్షరాస్యులు, సేద్యగాండ్రు, కూలీలు వేర్వేరుగా నమోదగుదురు. ఏడాదిలో ఆరు నెలలు గాని అంతకు మించి గాని పని గలవారు ప్రధాన శ్రామికులు. తక్కువ పని గలవారు ఉపాంత శ్రామికులు.

ఈ యంకెలు మన స్థితిని జూపు నద్దములు. 2001లో దేశమున సేద్యగాండ్రు సుమారు 12.7 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.7 కోట్లు. 2011 నాటికి సేద్యగాండ్రు 11.9 కోట్లకు దిగగా కూలీలు 14.4 కోట్లకు పెరిగిరి.

2011 గ్రామ వివరములలో బస్సు, రైలు మొదలగు వసతులు గూడ జేర్చబడినవి. ఊరిలో లేని వసతి 5 కిలోమీటర్లలోపున గలదా, 5 మొదలు 10 లోపున గలదా, 10కి మించిన దూరమున గలదా యని గుర్తింతురు.

2. బాటకును లెక్కకును సంబంధము

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఆరంభమైనది. మైదాన ప్రాంతమున 500 మందికి, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతములలో 250 మందికి తక్కువ గాని ప్రతి యావాసమునకు అన్ని ఋతువులలో నడువదగిన బాట వేయుట దీని యుద్దేశము. అందుకు 2001 జనసంఖ్య ఆధారము. 2024లో ఆమోదము పొందిన నాల్గవ దశకు 2011 జనసంఖ్య ఆధారము. అనగా నొకసారి వ్రాసిన యంకె పదమూడేండ్ల తరువాత గూడ బాటను నిర్ణయించుచున్నది!

ఇచట ముఖ్యముగా గమనింపవలసినది: కొలమానము రెవిన్యూ గ్రామము గాదు, ఆవాసము. పెద్దయూరికి తారురోడ్డు గలిగినను, దానికి దూరముగా నున్న పేటకో తండాకో లేకపోవచ్చును. మైదానమున 500 మీటర్ల లోపలి యావాసములను గలిపి లెక్కింపవచ్చును.

3. ఒక ఉదాహరణము

నల్లరేగడి భూములలో 520 మంది గల తండా యొకటి గలదనుకొనుడు. ఎనిమిది కుటుంబములు, అనగా 40 మంది, కూలికై దూరదేశము పోయిరి. 2011లో లెక్కింపు ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు జరిగినది. ఆ దినములన్నియు ఊరలేనివారు ఇంటివద్ద లెక్కకు రారు. అప్పుడు తండా సంఖ్య 480. ఇరువది మంది తక్కువగుటచే తండా 500 మెట్టునకు దిగువన నిలిచెను. వానకాలమున ఎరువు బస్తాయు, పాలబిందెయు, ప్రసవవేదనపడు తల్లియు నా బురదలోనే పోవలెను.

4. సభ్యుల కర్తవ్యము

2021లో జరుగవలసిన గణన వాయిదాపడెను. 2025లో వెలువడిన ప్రకటన ప్రకారము తరువాతి గణనకు ప్రమాణ దినము 2027 మార్చి 1. మంచు ప్రాంతములకు మాత్రము వేరు దినము. కావున:

(అ) ప్రతి పేటకును, తండాకును సంఘమున వేరు పుస్తకముంచి, కుటుంబములను, మనుష్యులను వ్రాయుడు.

(ఆ) మంచి బాటకు గల దూరమును, వానలలో బండి నడువని దినములను జేర్చుడు.

(ఇ) వలసపోవువారికి లెక్కింపు దినములను ముందుగా దెలుపుడు. ఒకరు రెండుచోట్ల నెక్కరాదు. ఎచటను నెక్కకపోవుటయు దగదు.

(ఈ) పసిబిడ్డను, వృద్ధురాలిని, ఊరి చివరి గుడిసెను మరువకుడు.

(ఉ) ఈ పుస్తకమును గ్రామసభలో జదివి, తీర్మానముతో పై యధికారులకు బంపుడు.

పంట లెక్క తప్పినచో నష్టము ఒక కారునకు. మనుష్యుల లెక్క తప్పినచో ఒక తరము పిల్లలు బురదలో నడచి బడికి పోవుదురు.