రంగస్థలం మీద మేఘాలు

పౌరాణిక నాటకంలో ఇంద్రసభ రంగం వచ్చిందంటే ప్రేక్షకులు కన్నార్పకుండా చూస్తారు. దేవతల పాదాల చుట్టూ తెల్లని మేఘాలు కదులుతుంటాయి. అవి పైకి లేవవు. నేలను అంటిపెట్టుకొని పాకుతూ, రంగస్థలం అంచు దాటి జలపాతంలా కిందికి జారుతాయి. సాంబ్రాణి వేస్తే పొగ పైకి పోతుంది. మరి ఈ మేఘం కిందికే ఎందుకు పోతుంది? ఈ ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఆ దృశ్యపు అందమూ ఉంది, అపాయమూ ఉంది.

ఈ మేఘాలను పుట్టించేది పొడిమంచు. దీనినే డ్రై ఐస్ అంటారు. పేరులో మంచు ఉన్నా ఇందులో నీరు లేదు. ఇది గడ్డకట్టిన కార్బన్ డై ఆక్సైడ్. ఫ్రాన్సు దేశస్థుడైన తిలోరియే 1835లో దీనిని గురించి లోకానికి తెలియజేశాడు. దీని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 78.5 డిగ్రీల సెల్సియస్. మామూలు మంచు కరిగి నీరవుతుంది. పొడిమంచు అలా కరగదు. మూతలేని భరిణెలో కర్పూరం తరిగిపోయినట్లు, ఘనస్థితి నుండి నేరుగా వాయువుగా మారుతుంది. ఈ మార్పును ఉత్పతనం అంటారు.

నాటకశాలలో ఒక డ్రమ్ములో వేడినీరు ఉంచి, అందులోకి పొడిమంచు ముక్కలున్న తీగబుట్టను దింపుతారు. చల్లని వాయువు ఒక్కసారిగా వెలువడుతుంది. ఆ చలికి నీటి ఆవిరి సన్నని బిందువులుగా మారుతుంది. కంటికి తెల్లగా కనిపించేది ఈ నీటి బిందువులే. కార్బన్ డై ఆక్సైడ్‌కు రంగు లేదు. కొద్ది మోతాదులో దాని వాసన కూడా తెలియదు. కాసేపటికి బిందువులు ఆవిరైపోయి మేఘం మాయమవుతుంది. వాయువు మాత్రం అక్కడే ఉంటుంది. కనుక మేఘం పోయింది గదా, గాలి శుభ్రమైందనుకోవడం పొరపాటు.

కార్బన్ డై ఆక్సైడ్ గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. అందుచేత అది పల్లానికి చేరుతుంది. ఇటలీలో నేపుల్స్ నగరం దగ్గర 'కుక్క గుహ' అనే చిన్న గుహ ఉంది. భూమిలోంచి వెలువడే ఈ వాయువు ఆ గుహలో నేలమట్టాన నిలిచి ఉండేది. లోపలికి వెళ్లిన మనిషి మామూలుగా నిలబడేవాడు. అతని వెంట వెళ్లిన కుక్క మాత్రం స్పృహ తప్పేది. ఇద్దరూ ఉన్నది ఒకే గుహలో. తేడా అల్లా ముక్కు ఉన్న ఎత్తులోనే. రంగస్థలం మీద కూడా ఇంతే. నిలబడిన నటునికి ఏమీ కాకపోవచ్చు. మూర్ఛపోయినట్లు నేలపై పడుకొని నటించేవారికి, బాలనటులకు, రంగస్థలం ముందు గుంటలో కూర్చునే వాద్యకారులకు, కింది గదిలో పనిచేసేవారికి ప్రమాదం ఎక్కువ.

ఒక చిన్న లెక్క చేస్తే సంగతి తేటపడుతుంది. ఒక కిలో పొడిమంచు సుమారు 540 లీటర్ల వాయువునిస్తుంది. ఐదు కిలోలు వాడితే 2,700 లీటర్లు. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల హాలులో 5 లక్షల లీటర్ల గాలి పడుతుంది. వాయువు హాలంతటా సమంగా కలిస్తే నూటికి అర భాగం కంటే కొద్దిగా ఎక్కువవుతుంది. అదే వాయువు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు గల గుంటలో చేరితే నూటికి 9 భాగాలవుతుంది!

ఆరుబయలు గాలిలో ఈ వాయువు పది లక్షల భాగాలకు సుమారు 420 భాగాలు ఉంటుంది. బ్రిటన్‌లో పనిచేసే చోట్లకు పరిమితులు విధించారు. ఎనిమిది గంటల సగటు 5,000 భాగాలు, పదిహేను నిమిషాల సగటు 15,000 భాగాలు మించరాదు. అంతకు మించితే ఆయాసం, తలనొప్పి, తల తిరగడం మొదలవుతాయి. నూటికి 9 భాగాలున్న చోట కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు.

పాడుబడిన బావిలోకి దిగేముందు మన పెద్దలు లాంతరు దింపి చూసేవారు. దీపం ఆరిపోతే దిగేవారు కారు. అది వివేకమే. కాని దీపం వెలుగుతున్నంత మాత్రాన గాలి మంచిదని చెప్పలేము. దీపం ఆరేలోపే మనిషికి హాని కలగవచ్చు. ఆక్సిజన్‌ను కొలిచే మీటరు కూడా చాలదు. గాలిలోకి నూటికి 5 భాగాల కార్బన్ డై ఆక్సైడ్ చేరినా ఆక్సిజన్ 20.9 నుండి సుమారు 19.9కి మాత్రమే తగ్గుతుంది. ఆ మీటరు ఊరుకుంటుంది, మనిషి ఊపిరాడక అల్లాడుతాడు. ఈ వాయువు తనంతట తానే హాని చేస్తుంది. కాబట్టి దానినే కొలిచే మీటరు కావాలి. కార్బన్ డై ఆక్సైడ్ పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఎంత కాంతి తగ్గిందో చూసి మీటరు అంకె చూపిస్తుంది.

మీటరును గోడపై ఎత్తున తగిలిస్తే ప్రయోజనం లేదు. గుంట అడుగున, పడుకున్న నటుని ముక్కు ఎత్తున, ముందు వరుస దగ్గర కొలవాలి. ప్రదర్శనకు ముందే, అంతే పొడిమంచుతో, తలుపులు అలాగే మూసి అభ్యాస ప్రదర్శన జరిపి అంకెలు పుస్తకంలో రాసుకోవాలి. మేఘం మాయమైన తరువాత కూడా కొలవడం మానరాదు. అంకె పెరుగుతుంటే పొడిమంచు తగ్గించాలి. ఫంకాలతో కిందిగాలిని బయటికి పంపాలి.

2020 ఫిబ్రవరిలో మాస్కోలో జరిగిన ఒక వేడుకలో ఈతకొలనులో సుమారు 25 కిలోల పొడిమంచు గుమ్మరించారు. మేఘాలు కన్నులపండువుగా లేచాయి. ముగ్గురు మరణించారు. ఇలాంటిచోట ఎవరైనా పడిపోతే, కాపాడాలనే ఆత్రంతో పల్లంలోకి దూకరాదు. దూకినవారికీ అదే గతి పడుతుంది. తలుపులు తెరిపించి, అందరినీ బయటికి పంపి, అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

పొడిమంచును వట్టి చేతులతో తాకరాదు. చలికి చర్మం దెబ్బతింటుంది. మందమైన తొడుగులు, పట్టకారు వాడాలి. మూత బిగించిన సీసాలో పెడితే వాయువు ఒత్తిడికి సీసా పగులుతుంది. తలుపులు మూసిన వాహనంలో తీసుకుపోరాదు.

నాటకంలో కన్ను మోసపోవడం వినోదం. ఊపిరి విషయంలో మాత్రం కన్నును నమ్మరాదు, కొలతను నమ్మాలి.

పదాలు – అర్థాలు
ఉత్పతనం : ఘనపదార్థం ద్రవం కాకుండా నేరుగా వాయువుగా మారడం
పరారుణ కాంతి : ఎరుపు రంగుకు ఆవల ఉండి కంటికి కనిపించని కాంతి
పల్లం : దిగువగా ఉన్న చోటు

ప్రశ్నలు
1. రంగస్థలం మీద తెల్లగా కనిపించేది ఏమిటి? కనిపించనిది ఏమిటి?
2. కుక్క గుహలో మనిషికి కాని హాని కుక్కకు ఎందుకు కలిగేది?
3. ఆక్సిజన్ మీటరు ఒక్కటే ఎందుకు చాలదు?
4. మూడు కిలోల పొడిమంచు వాయువంతా 30,000 లీటర్లు పట్టే గుంటలో చేరితే నూటికి ఎన్ని భాగాలవుతుందో లెక్కకట్టండి.
5. మీ పాఠశాల వార్షికోత్సవంలో పొడిమంచు వాడదలచారు. తీసుకోవలసిన జాగ్రత్తలను వివరిస్తూ ప్రధానోపాధ్యాయునికి లేఖ రాయండి.