తవుడుతో పోయినది బియ్యముతో తిరిగివచ్చునా?

వెనుకటి కాలమున మన కోనసీమ పల్లెలలో వడ్లు ఇంటిలోనే దంచుకొనెడివారు. దంపుడు బియ్యమునకు కొంత తవుడు అంటియుండెడిది. మిల్లులు వచ్చిన పిమ్మట బియ్యము తెల్లబడినది; ఆ తెల్లదనమే ఇంటి మర్యాదకు గురుతైనది. తవుడు పశువుల కుడితికి పోయినది. దానితో కూడ పోయినదేమి, దానిని తిరిగి తెచ్చుటకు ప్రభుత్వములు చేసిన నిర్ణయము లెట్టివి, అందు పంచాయతీ వంతు ఏమి అను విషయములను ఈ పాఠమున వివరింపదలచితిమి.

బెరిబెరి నేర్పిన పాఠము

బియ్యపు గింజ పైపొరలందును, మొలకయందును థయమిను అను బి1 విటమిను కలదు. ఎక్కువ పాలిషు పట్టిన పచ్చిబియ్యమే ప్రధానాహారమై, పప్పులు, కూరలు కొరవడినవారికి ఆ విటమిను చాలదు. కాళ్లు తిమ్మిరెక్కి, శరీరము ఉబ్బి, గుండె దుర్బలమగును. ఇదియే బెరిబెరి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున గోదావరి మండలముతో కూడిన ఉత్తర సర్కారులు ఈ వ్యాధికి పేరుపడియుండెను. ఉప్పుడు బియ్యము తిను దక్షిణ జిల్లాలలో అది అరుదు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టునప్పుడు పైపొరలోని విటమిను గింజలోనికి ఇంకును. పిదప మిల్లు పట్టినను పూర్తిగా పోదు.

ఈ వ్యాధిని పరిశోధించుటకే 1918లో కూనూరునందు ఒక్క గదిలో బెరిబెరి విచారణ శాఖ ప్రారంభమైనది. మెకారిసన్ దొర నెలకొల్పిన ఆ శాఖయే పెరిగి, హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది.

మన గడ్డపై పుట్టిన ఇరువురు

1886లో నెల్లూరున మిషనరీ దంపతులకు జన్మించిన రాబర్టు విలియమ్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1936లో థయమినును ప్రయోగశాలలో తయారుచేసెను. అతని పూనికతో 1948లో ఫిలిప్పీన్సు దేశమునందలి బటాన్ మండలమున థయమిను, నయాసిను, ఇనుము చేర్చిన బియ్యమును ప్రజలకు అందించిరి. బెరిబెరి మరణములు బహుగా తగ్గినవి. 1952లో అచట చట్టము కూడ చేసిరి. కాని మిల్లుదారుల సహకారమును, తనిఖీయు కొరవడినందున అది సరిగా అమలు జరుగలేదు. చట్టమెంత మంచిదైనను కనిపెట్టి చూచువారు లేనిచో ఫలము దక్కదని ఈ ఉదంతము తెలుపుచున్నది.

రెండవవారు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వీరి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయగలిగెను. రక్తము పట్టుటకు ఇది ఆవశ్యకము. గర్భము నిలిచిన తొలి వారములలో తల్లికి ఇది చాలనిచో బిడ్డ మెదడునకు, వెన్నెముకకు లోపము కలుగు ప్రమాదము హెచ్చును.

మన దేశపు నిర్ణయము

బెరిబెరి వెనుకబడినది; రక్తహీనత మిగిలినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 59 మంది రక్తహీనులు. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రభుత్వ పథకముల బియ్యమంతటిని బలవర్ధకము చేయుదుమని ప్రకటించిరి. 2022లో కేంద్ర మంత్రివర్గము దీనిని ఆమోదించెను. 2024 అక్టోబరులో పథకమును 2028 డిసెంబరు వరకు పొడిగించుటకు అనుమతించెను.

దీని విధానము సులభము. బియ్యపు పిండిలో పోషకములు కలిపి, యంత్రమున గింజల ఆకారముగా ఒత్తి, 100 కిలోల బియ్యమునకు 1 కిలో చొప్పున కలుపుదురు. ప్రమాణము ననుసరించి, ఫెర్రిక్ పైరోఫాస్ఫేటు వాడినచో కిలో బియ్యమునకు ఇనుము 28 నుండి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లము 75 నుండి 125 మైక్రోగ్రాములు, బి12 విటమిను 0.75 నుండి 1.25 మైక్రోగ్రాములు ఉండవలెను. బి1 చేర్చుట ఐచ్ఛికము మాత్రమే. కావున తవుడుతో పోయినదంతయు ఈ బియ్యముతో తిరిగివచ్చునని భావింపరాదు.

ఒక లెక్క చూతము. దినమునకు 400 గ్రాముల ఇట్టి బియ్యము తిను స్త్రీకి సుమారు 11 నుండి 17 మిల్లీగ్రాముల ఇనుము చేరును. 2020లో భారత వైద్య పరిశోధన మండలి ఆమెకు సూచించినది 29 మిల్లీగ్రాములు. మిగిలినది కూరలనుండియే రావలెను. బియ్యమున ఇనుము కలుపుటకంటె వివిధాహారమే మేలని వాదించు శాస్త్రజ్ఞులును కలరు. ఈ రెండింటిలో ఒకటి చేసి రెండవది మానుట మాత్రము తగదు.

పంచాయతీ చేయదగినది

కలిపిన గింజలు కొంచెము రంగు మారి, కడుగునప్పుడు నీటిపై తేలవచ్చును. వానిని ప్లాస్టికు బియ్యమని అనుమానించి ఏరి పారవేసిన ఇల్లాండ్రు కలరు. ఆ గింజలలోనే ఔషధమంతయు ఉన్నది! ఇట్టి బియ్యము వచ్చినప్పుడు గ్రామసభలో అందరియెదుట వండి చూపుడు. గింజ మెత్తబడి అన్నముతో కలిసిపోవును. నోటిమాటకంటె ఉడికిన మెతుకు ఎక్కువ నమ్మకము కలిగించును.

బియ్యమును పలుమారులు కడుగరాదనియు, గంజి పారబోయరాదనియు తెలుపుడు. సరిపడు ఎసరు పెట్టి వండుట ఉత్తమము. తలసీమియా, సికిల్ సెల్ వ్యాధులున్నవారు వైద్యుని సలహా పొందవలెను.

అంగన్వాడీ పెరటిలో మునగ, తోటకూర, నిమ్మ పెంచుటకు తీర్మానింపుడు. నిమ్మరసము ఇనుమును ఒంట పట్టించును. భోజనము చేసిన వెంటనే తాగు టీ దానిని అడ్డగించును. పప్పులు బి1 నిచ్చును. గోదావరి పాయల నడుమనున్న మనకు చేపలు కొత్త కావు. అవియు, పాలును, గ్రుడ్లును బి12 నిచ్చును.

అమలాపురములోగాని, రాజోలులోగాని, కొత్తపేటలోగాని ఒక గర్భిణి రక్తము చాలక ప్రసవ సమయమున ప్రమాదమున పడినచో, ఆ నష్టమును ఏ లెక్కలును పూడ్చలేవు. రాబోవు సమావేశమున మీ గ్రామములోని గర్భిణులలో రక్తపరీక్ష జరిగినవారెందరో, మాత్రలు అందినవారెందరో ఆరోగ్య కార్యకర్తను అడిగి తెలిసికొనుడు. గింజలో పోషకము చేర్చుట ప్రభుత్వము వంతు. అది కంచము చేరునట్లు చూచుట మన వంతు.